వాంగ్మూలంలో చెరిగిన గొంతు: బలవంతపు సాక్ష్యం, తప్పుడు శిక్ష - ఒక భాషాపరిశీలన

వ్యాససంగ్రహం:
పోలీసులు నమోదు చేసే సాక్షి వాంగ్మూలం 'నేను' అంటూ ఉత్తమపురుషలో సాగుతుంది. అందులోని భాష మాత్రం చాలాసార్లు సాక్షిది కాదు. ఒత్తిడికి లోనైన సాక్షి మాటను బట్టి నిర్దోషికి శిక్ష పడినప్పుడు, న్యాయం కోరేవారి చేతిలో మిగిలేది ఆ కాగితమే. దానిని ఒక పాఠంగా చదవడం ఎలా, తెలుగు భాషాపరిశోధకులు ఆ పనికి ఏ మేరకు తోడ్పడగలరు అన్న విషయాలను జహీరాబాద్ సరిహద్దు ప్రాంత భాషాస్థితి నేపథ్యంలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వాంగ్మూలం, సాక్ష్యం, తప్పుడు శిక్ష, పాఠపరిష్కరణ, జహీరాబాద్, న్యాయభాషాశాస్త్రం.

1. ఉపోద్ఘాతం:

2007 డిసెంబరులో విజయవాడ సమీపంలోని ఒక వసతిగృహంలో ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. అత్యాచార బాధితుల గుర్తింపును వెల్లడించరాదన్న నియమం మరణించినవారికి కూడా వర్తిస్తుందని సుప్రీంకోర్టు నిపుణ్ సక్సేనా కేసులో 2018లో స్పష్టం చేసింది. అందువల్ల ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ కేసులో 2008లో అరెస్టయిన పిడతల సత్యంబాబు అనే దళిత యువకుణ్ణి విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు 2010 సెప్టెంబరులో దోషిగా నిర్ధారించింది. హతురాలి తల్లిదండ్రులే ఇతడు నేరస్థుడు కాడని పదేపదే చెప్పారు. 2017 మార్చి 31న హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా ప్రకటించి, లక్ష రూపాయలు చెల్లించాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది. అప్పటికి అతని జీవితంలో ఎనిమిదేళ్ళకు పైగా జైలులో గడిచిపోయింది. ఆ తరువాత, కేసుకు సంబంధించిన భౌతిక ఆధారాలు విజయవాడ కోర్టులో ధ్వంసమయ్యాయన్న సంగతి బయటపడింది. 2018 నవంబరులో హైకోర్టు పునర్దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.

తప్పుడు శిక్షలన్నింటికీ ఒకే కారణం ఉండదు. కానీ ఈ కేసు ఒక సాధారణ సత్యాన్ని చూపుతోంది. ఏళ్ళు గడిచిన తరువాత వస్తువులు మిగలవు, జ్ఞాపకాలు మసకబారుతాయి, మిగిలేవి కాగితాలు. ఆ కాగితాలలో సాక్షి వాంగ్మూలానిది కీలకస్థానం. శిక్ష బలవంతపు సాక్ష్యం మీద ఆధారపడినదైతే, ఆ బలవంతం జాడను వెతకవలసింది కూడా ముందుగా ఆ కాగితంలోనే.

2. వాంగ్మూలం - చట్టం చెప్పేది:

వాక్కు, మూలం అన్న రెండు సంస్కృతపదాల కలయిక 'వాఙ్మూలం'. వాడుకలో అది 'వాంగ్మూలం' అయింది. మాటే మూలమైనది అని అర్థం. అయితే దర్యాప్తులో తయారయ్యే వాంగ్మూలానికి మాట మూలమే అయినా, మన చేతికి అందేది దాని ప్రతి మాత్రమే.

1973 నాటి నేర విచారణ ప్రక్రియా స్మృతిలోని 161వ సెక్షన్ ప్రకారం దర్యాప్తు అధికారి సాక్షిని మౌఖికంగా ప్రశ్నించవచ్చు, ఆ మాటలను రాసుకోవచ్చు. రాసుకుంటే మాత్రం ఒక్కొక్కరి మాటను విడిగా, యథార్థంగా నమోదు చేయాలి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఇదే నియమం 180వ సెక్షన్‌గా కొనసాగుతోంది. ధ్వని, దృశ్య రూపంలో నమోదు చేసే వీలును 2009లో కల్పించారు. అది వీలే, విధి కాదు.

అలా రాసిన వాంగ్మూలంపై సాక్షి సంతకం తీసుకోరాదు. విచారణలో అది స్వతంత్ర సాక్ష్యంగా పనికిరాదు. కోర్టులో సాక్షి చెప్పే మాటకు, దర్యాప్తులో చెప్పినదానికి మధ్య వైరుధ్యాన్ని చూపడానికి మాత్రమే ఉపయోగపడుతుంది. ముఖ్యమైన విషయాన్ని అప్పుడు చెప్పకుండా ఇప్పుడు చెప్పడం కూడా సందర్భాన్ని బట్టి వైరుధ్యమే అవుతుంది. పాత స్మృతిలోని 162వ సెక్షన్, కొత్త సంహితలోని 181వ సెక్షన్ ఈ రక్షణనిస్తున్నాయి. పోలీసుల చేతిరాతను పూర్తిగా నమ్మరాదన్న ఎరుక వలసకాలం నుంచే మన చట్టంలో ఉన్నదని దీనివల్ల తెలుస్తుంది.

ఇంత రక్షణ ఉన్నా బలవంతానికి దారులు మూసుకుపోలేదు. 'సాక్షివవుతావా, ముద్దాయివవుతావా' అన్న ఒక్క ప్రశ్న చాలు, నిరుపేద మాట మారడానికి. ఆ మాటను మేజిస్ట్రేటు ఎదుట ప్రమాణపూర్వకంగా చెప్పిస్తే సాక్షి దానికి కట్టుబడిపోతాడు. పాత 164వ సెక్షన్, కొత్త 183వ సెక్షన్ ఈ నమోదుకు సంబంధించినవి. నేరాన్ని ఒప్పుకొనే వ్యక్తికి, 'నీవు చెప్పనక్కరలేదు, చెబితే నీకు వ్యతిరేకంగా వాడవచ్చు' అని మేజిస్ట్రేటు హెచ్చరించాలి, స్వచ్ఛందంగా చెబుతున్నాడని నమ్మకం కుదిరితేనే నమోదు చేయాలి. సాక్షికి అటువంటి హెచ్చరికను చట్టం విధించలేదు. పదేళ్ళు, అంతకు మించి శిక్ష పడదగిన నేరాలలో పోలీసులు తీసుకువచ్చిన సాక్షి వాంగ్మూలాన్ని మేజిస్ట్రేటు తప్పక నమోదు చేయాలని కొత్త సంహిత చెబుతోంది. దీనివల్ల నిజం చెప్పే సాక్షికి బలం చేకూరుతుంది. ఒత్తిడితో వచ్చిన సాక్షికి మాత్రం వెనుదిరిగే దారి మరింత ఇరుకవుతుంది.

3. సరిహద్దు భాష - జహీరాబాద్ నేపథ్యం:

వాంగ్మూలం ఏ భాషలో రాయాలో 161వ సెక్షన్ చెప్పదు. కోర్టులో ఇచ్చే సాక్ష్యం విషయంలో మాత్రం, వీలైతే సాక్షి మాట్లాడిన భాషలోనే నమోదు చేయాలనీ, వీలుకాకపోతే అనువదించాలనీ నియమాలున్నాయి. ఠాణాలో మొదలయ్యే పాఠానికి లేని భాషానియమం, కోర్టుకు చేరిన తరువాత అమలులోకి వస్తోందన్నమాట.

ఈ లోటు ఎంతటిదో జహీరాబాద్ వంటి ప్రాంతంలో స్పష్టంగా కనిపిస్తుంది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేవరకు జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. నిర్ణా సర్కిల్‌ను మినహాయించి తక్కిన తాలూకాను తెలుగు ప్రాంతంలో కలిపారు. నేడది సంగారెడ్డి జిల్లాలో, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉంది. ఇక్కడి సంతలో తెలుగు, దక్కనీ ఉర్దూ, కన్నడం, లంబాడీ పక్కపక్కనే వినిపిస్తాయి. ఒకే మనిషి ఇంట్లో ఒక భాష, పొలంలో ఇంకొకటి, కచేరీలో మరొకటి మాట్లాడడం ఇక్కడ సాధారణం.

న్యాయపరిభాషలోని ఒక్క మాటను పరిశీలిస్తే చాలు. తెలుగులో 'ముద్దాయి' అంటే నిందితుడు. ఆ మాటకు మూలమైన 'ముద్దయీ' ఉర్దూలో దావా వేసినవాణ్ణి సూచిస్తుంది. ముద్దయీ నీరసంగా ఉంటే సాక్షి మహా హుషారుగా ఉన్నాడన్న ఉర్దూ సామెతలో కనిపించేది ఫిర్యాదీయే. ఒకే మాట ఒక భాషలో ఆరోపించేవాణ్ణి, పక్క భాషలో ఆరోపణకు గురైనవాణ్ణి తెలుపుతున్నచోట అనువాదంలో ఎంత జాగ్రత్త అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

సర్వనామాల విషయమూ ఇటువంటిదే. తెలుగులో 'మనం' వినేవారిని కలుపుకొంటుంది, 'మేం' వినేవారిని వేరుచేస్తుంది. ఉర్దూలోని 'హమ్'కు ఈ భేదం లేదు. అంతేకాక మాట్లాడేవాడు తననొక్కణ్ణే ఉద్దేశించి కూడా 'హమ్' అనవచ్చు. 'హమ్ గయే' అన్న రెండు మాటలు తెలుగులో 'నేను వెళ్ళాను' అవుతాయా, 'మేం వెళ్ళాం' అవుతాయా? ఒంటరిగా వెళ్ళిన మనిషి కాగితం మీద గుంపులో ఒకడుగా మారడానికి ఈ తేడా సరిపోతుంది. అనువదించినవారు ఎవరో వాంగ్మూలంలో రాసి లేకపోతే, ఆ మార్పు ఎక్కడ జరిగిందో తరువాత తేల్చడం కష్టం.

4. ప్రత్యయం జారితే సాక్ష్యం మారుతుంది:

ఒకే భాషలో సాగే నమోదులోనూ ప్రమాదం లేకపోలేదు. దీనిని చూపడానికి ఒక కల్పిత ఉదాహరణ తీసుకుందాం. ఒక కూలీ ఇలా చెప్పాడనుకుందాం: 'పొద్దుగూకినంక జూసిన. చీకట్ల మొకం అగుపడలె. నడక జూస్తే ఆయన తీరుండె. కత్తి వట్టుకొని ఉరికిండంట.' కచేరీ తెలుగులో ఇది ఇలా మారవచ్చు: 'సుమారు రాత్రి 7-30 గంటల సమయంలో సదరు ముద్దాయి కత్తితో పారిపోవుచుండగా నేను చూచియున్నాను.'

రెండో వాక్యం మొదటిదానికి కేవలం శిష్టరూపం కాదు. నాలుగు మార్పులు జరిగాయి. పొద్దుగూకిన వేళకు గడియారపు ఖచ్చితత్వం వచ్చింది. ముఖం కనబడలేదన్న మాట పోయింది. 'ఆయన తీరుండె' అన్న పోలిక 'ఆయనే' అన్న గుర్తింపుగా మారింది. అన్నింటికన్నా ముఖ్యంగా, 'ఉరికిండంట' అన్న క్రియలోని 'అంట' జారిపోయింది.

తెలుగులో 'అట', 'ట', 'అంట' అన్నవి తాను చూడని, ఇతరుల వల్ల విన్న సంగతిని తెలుపుతాయి. 'వచ్చాడు' అన్నవాడు తన మాటకు తానే బాధ్యుడు. 'వచ్చాడట' అన్నవాడు ఆ బాధ్యతను వేరొకరికి వదిలాడు. కన్నడంలో 'బందనంతె' అన్నప్పుడు ఇదే జరుగుతుంది. ఉర్దూ మాట్లాడేవారు 'సునా హై' వంటి విడిమాటతో ఈ పని చేస్తారు. మౌఖికసాక్ష్యం ప్రత్యక్షంగా ఉండాలి, చూసిన సంగతిని చూసినవాడే చెప్పాలి అన్నది సాక్ష్యచట్టంలో మూలసూత్రం. పాత చట్టంలో 60వ సెక్షన్, కొత్త భారతీయ సాక్ష్య అధినియమంలో 55వ సెక్షన్ ఈ సంగతినే చెబుతున్నాయి. తెలుగు పల్లెటూరి మనిషి ఏ చట్టమూ చదవకుండానే, ఈ విభజనను తన క్రియాపదం చివర పాటిస్తున్నాడు. ఆ ప్రత్యయాన్ని రాతలో చెరిపివేస్తే విన్నవాడు చూసినవాడవుతాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 'సదరు', 'మేరకు', 'చూచియున్నాను' వంటి మాటలు కనిపించినంత మాత్రాన ఆ వాంగ్మూలం బలవంతంగా రాబట్టినదని చెప్పలేం. అది కచేరీ రాతలో స్థిరపడిన అలవాటు. దురుద్దేశం లేని హెడ్ కానిస్టేబులు కూడా అలాగే రాస్తాడు. శైలి మార్పు వేరు, అర్థం మార్పు వేరు. న్యాయం కోరేవారు పట్టించుకోవలసింది రెండోదానిని. భాషాపరిశీలన రెండో చేయి ఉన్నదని చూపగలదు, ఆ చేయి సాక్షి మెడ మీద ఉన్నదని చూపలేదు. దానికి ఇతర ఆధారాలు కావాలి.

5. పాఠపరిష్కరణ పద్ధతి:

తాళపత్రప్రతులను పరిష్కరించేవారికి తెలిసిన సూత్రమొకటి ఉంది. రెండు ప్రతులు సరైన పాఠంలో ఏకీభవిస్తే వాటి సంబంధం గురించి ఏమీ తేలదు. రెండింటిలోనూ ఒకే తప్పు ఉంటే మాత్రం అవి ఒకే మాతృక నుంచి వచ్చి ఉండాలి, లేదా ఒకదానిని చూసి మరొకటి రాసి ఉండాలి. ఈ సూత్రం వాంగ్మూలాలకు చక్కగా వర్తిస్తుంది. ఇద్దరు సాక్షులు ఒకే సంఘటనను ఒకేలా చెప్పడం సహజమే. కానీ ఇద్దరూ ఒకే ఇంటిపేరును ఒకేలా తప్పు పలికితే, లేని వీధిని ఇద్దరూ పేర్కొంటే, ఒకే వాక్యం అక్షరం తేడా లేకుండా ఇద్దరి నోటా వస్తే, అక్కడ మాతృక ఒకటే. 'విడిగా, యథార్థంగా' నమోదు చేయాలన్న చట్టనియమం ఉల్లంఘనకు గురైందని చెప్పడానికి అది బలమైన సూచన.

పరిష్కర్త ప్రతుల కాలక్రమాన్ని కూడా తేలుస్తాడు. వాంగ్మూలాల విషయంలో ఇది ప్రాణప్రదం. మొదటి ఫిర్యాదులో లేని పేరు ఏ తేదీన ప్రవేశించింది? నిందితుని అరెస్టుకు ముందా, తరువాతా? మేజిస్ట్రేటు నమోదుకూ పోలీసు నమోదుకూ మధ్య ఎన్ని రోజులు గడిచాయి? ఆ రోజులలో సాక్షి ఎక్కడ ఉన్నాడు? కావ్యంలో ప్రక్షిప్తాన్ని పట్టుకొనే ప్రశ్నలే ఇక్కడా పనికివస్తాయి.

మొదటి పాఠం విలువ ఎంతటిదో అంకుశ్ మారుతీ శిందే కేసు చెబుతుంది. 2003 జూన్‌లో మహారాష్ట్రలో జరిగిన హత్యల కేసులో సంచారజాతికి చెందిన ఆరుగురికి శిక్ష పడింది. 2009లో సుప్రీంకోర్టే ఆరుగురికీ మరణశిక్ష ఖాయం చేసింది. దాడి నుంచి బయటపడిన మహిళ, సంఘటన జరిగిన కొద్దిరోజులకే పోలీసుల ఫొటో ఆల్బమ్‌లో వేరే నలుగురిని గుర్తించింది. ఆ నలుగురి సంగతి దర్యాప్తు తేల్చలేదు. తీర్పును పునఃపరిశీలించిన సుప్రీంకోర్టు 2019 మార్చి 5న ఆరుగురినీ నిర్దోషులుగా విడుదల చేసి, ఒక్కొక్కరికి అయిదు లక్షల రూపాయల పరిహారాన్ని ఆదేశించింది. వారిని రక్షించిన ఆధారం కొత్తగా పుట్టినది కాదు. అది మొదటినుంచీ రికార్డులోనే ఉంది.

6. భాషాశాస్త్రం న్యాయానికి తోడైన సందర్భాలు:

ఇంగ్లండులో టిమొతీ ఎవాన్స్‌ను 1950 మార్చిలో ఉరితీశారు. 1966లో అతనికి మరణానంతర క్షమాభిక్ష లభించింది. అతడు పోలీసులకు ఇచ్చినట్లు చెప్పిన వాంగ్మూలాలను స్వీడన్ పండితుడు యాన్ స్వార్త్‌విక్ 1968లో విశ్లేషించి, నేరాన్ని అంగీకరించే భాగాల వ్యాకరణం తక్కిన భాగాలకు భిన్నంగా ఉన్నదని చూపాడు. న్యాయభాషాశాస్త్రం అన్న పేరు ఆ పుస్తకంతోనే వ్యాప్తిలోకి వచ్చింది.

1953 జనవరిలో ఉరికి గురైన డెరెక్ బెంట్లీ వాంగ్మూలాన్ని మాల్కమ్ కోల్‌థార్డ్ పరిశీలించాడు. 'అప్పుడు' అన్న అర్థమిచ్చే మాటను సామాన్యులు వాక్యం మొదట వాడుతుండగా, బెంట్లీ వాంగ్మూలంలో అది 'నేను' తరువాత వస్తోందనీ, ఈ పదక్రమం పోలీసుల నివేదికల లక్షణమనీ అతడు గుర్తించాడు. 1998 జూలైలో అప్పీలు కోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. అందుకు ప్రధాన కారణం జ్యూరీకి న్యాయమూర్తి చేసిన నిర్దేశంలోని లోపాలే. భాషావిశ్లేషణ ఒక్కటే ఎవరినీ విడిపించదు. తక్కిన ఆధారాల పక్కన నిలబడి అనుమానానికి ఆకారమిస్తుంది.

తెలుగు సాహిత్యంలో ఈ ఎరుక కొత్తది కాదు. విశాఖపట్నంలో న్యాయవాదిగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి 'ఆరు సారా కథలు'లో మద్యనిషేధ చట్టం పేదల బతుకులలో ఎలా పనిచేసిందో చిత్రించాడు. పోలీసు భాషకూ పేదల భాషకూ మధ్య ఉన్న దూరాన్ని సాహిత్యం చూపింది. దానిని కొలిచే పని పరిశోధనకు మిగిలింది. తెలుగు వాంగ్మూలాల భాషను ఒక పాఠరాశిగా సేకరించి, మాండలికాల వారీగా పరిశీలించే అధ్యయనాలు విశ్వవిద్యాలయాలలో రావలసి ఉంది.

7. శిక్ష పడిన తరువాత:

బలవంతంగా సాక్ష్యం చెప్పిన వ్యక్తి, శిక్ష పడిన తరువాత నిజం చెప్పాలనుకుంటే ఏమవుతుంది? అబద్ధపు సాక్ష్యం చెప్పినందుకు భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ళ వరకు శిక్ష పడవచ్చు. మరణశిక్ష పడదగిన నేరంలో నిర్దోషిని ఇరికించడానికి చెప్పినదైతే 230వ సెక్షన్ కింద యావజ్జీవం దాకా వెళ్ళవచ్చు. బెదిరించి అబద్ధం చెప్పించినవారిని శిక్షించడానికి 232వ సెక్షన్ ఉంది. కానీ బెదిరింపును నాలుగు గోడల మధ్య జరిగినదానిగా రుజువు చేయవలసింది సాక్షే. నిజం చెప్పడానికి ముందుకు వచ్చినవాడు తన నేరాన్ని వెంటనే ఒప్పుకొంటున్నాడు, ఎదుటివారి నేరాన్ని మాత్రం ఇకమీదట నిరూపించాలి. తప్పుడు శిక్షలు ఏళ్ళ తరబడి నిలవడానికి ఈ అసమానత ఒక కారణం. సాక్షుల రక్షణకు 2018 నాటి పథకాన్ని సుప్రీంకోర్టు మహేందర్ చావ్లా కేసులో ఆమోదించి, పార్లమెంటు చట్టం చేసేవరకు అదే చట్టమని ప్రకటించింది. మాట మార్చుకోదలచిన పాత సాక్షికీ ఆ రక్షణ అందేలా చూడడం న్యాయవాదుల మొదటి బాధ్యత కావాలి.

చట్టంలో దారులున్నాయి. అభియోగపత్రంతోపాటు సాక్షుల వాంగ్మూలాల ప్రతులు నిందితునికి ఉచితంగా అందాలి. పోలీసు కేసు డైరీ మాత్రం అతనికి అందుబాటులో ఉండదు. అప్పీలు దశలో అదనపు సాక్ష్యాన్ని స్వీకరించే అధికారం కోర్టుకు ఉంది. ఇది పాత 391వ సెక్షన్, కొత్త 432వ సెక్షన్. నిర్బంధంలో ఉన్న వ్యక్తికి 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం కింద ఉచిత న్యాయసహాయం పొందే హక్కుంది. అప్పీళ్ళు ముగిసిన తరువాత పునఃపరిశీలన, క్యూరేటివ్ పిటిషన్, రాజ్యాంగంలోని 72, 161 అధికరణల కింద క్షమాభిక్ష మిగులుతాయి. క్షమాభిక్ష శిక్షను తగ్గించగలదు, 'నీవు నిర్దోషివి' అని కోర్టు చెప్పే మాటకు అది సాటిరాదు. ముగిసిన కేసులను తిరిగి పరిశీలించి అప్పీలు కోర్టుకు పంపే ప్రత్యేక కమిషన్ ఇంగ్లండులో 1997 నుంచి పనిచేస్తోంది. మన దేశంలో అటువంటిది లేదు.

పరిహారం విషయంలో 1983 నాటి రుదుల్ శా కేసు మైలురాయి. నిర్దోషిగా తేలిన తరువాత కూడా పద్నాలుగేళ్ళు జైలులో ఉంచిన వ్యక్తికి సుప్రీంకోర్టు రాజ్యాంగపరమైన పరిహారమిచ్చింది. 2018 ఆగస్టులో లా కమిషన్ తన 277వ నివేదికలో, అన్యాయపు ప్రాసిక్యూషన్‌కు గురైనవారి కోసం ప్రత్యేక చట్టనిబంధనలు, ప్రత్యేక న్యాయస్థానాలు కావాలని సిఫారసు చేసింది. లక్ష రూపాయలా, అయిదు లక్షలా అన్నది నేటికీ ఆయా ధర్మాసనాల విచక్షణ మీదనే ఆధారపడి ఉంది.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల కొన్ని అంశాలు తేలుతున్నాయి.

- సాక్షి వాంగ్మూలం సాక్షి మాట కాదు, ఆ మాటకు మరొకరు రాసిన ప్రతి. దానిని ప్రతిగానే చదవాలి.
- తెలుగులోని 'అట', 'అంట' వంటి ప్రత్యయాలు, 'తీరు', 'లెక్క' వంటి పోలికమాటలు, 'మనం-మేం' భేదం న్యాయపరంగా విలువైనవి. నమోదులో వాటిని చెరిపివేయరాదు.
- జహీరాబాద్ వంటి బహుభాషా ప్రాంతాలలో సాక్షి మాట్లాడిన భాష, అనువదించినవారి వివరం వాంగ్మూలంలోనే ఉండాలి. ధ్వనిముద్రణ ఐచ్ఛికం కాక తప్పనిసరి కావాలి.
- తప్పుడు శిక్షపై పోరాడే కుటుంబాలకు, న్యాయసహాయ సంఘాలకు భాషాపరిశోధకులు వాంగ్మూలాల తులనాత్మక పరిశీలనలో తోడ్పడవచ్చు.

ఒక పద్యంలో అపపాఠాన్ని సరిదిద్దడానికి మన పండితులు ఏళ్ళు వెచ్చించారు. జైలులో ఉన్న మనిషి విషయంలో అపపాఠం విలువ అతని వయస్సు. సత్యంబాబు కేసులో ఎనిమిదేళ్ళు, శిందే కేసులో దాదాపు పదహారేళ్ళు. తిరిగి ఇవ్వలేని ఆ కాలం ముందు, మొదటి వాంగ్మూలం రాసేవేళ ఒక ప్రత్యయాన్ని ఉన్నదున్నట్లు నిలపడం చాలా చిన్న శ్రమ.